జీవరత్నంగారు చూడని ఆట

నేను స్కోరరుని. బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన బల్ల వేసుకుని, ఎవరు ఎన్ని పాయింట్లు వేశారో కాగితం మీద రాసేవాణ్ణి. జీతం లేదు. హాఫ్ టైములో ఒక గోళీసోడా ఇచ్చేవారు. పగలంతా విజయవాడ వన్ టౌన్‌లో మా మేనత్త కొడుకు కాగితాల కొట్టులో పని, సాయంత్రమైతే సైకిలెక్కి గ్రౌండుకి. పద్దెనిమిదేళ్ళు అలా రాశాను. రాసి రాసి నాకొక పొగరు పట్టుకుంది. ఆటంటే నేను రాసిందే, నా కాగితం మీద లేనిది అసలు జరగనట్టే అనుకునేవాణ్ణి. ఆ పొగరు దించిన మనిషి గురించి రాద్దామని కూర్చున్నాను. ఆయన పేరు జీవరత్నం.

మొదట్లో ఆయన నాకు నచ్చలేదు. ఆట అయిపోగానే మిగతా కోచ్‌లందరూ నా బల్ల చుట్టూ మూగి, ఎవరికెన్ని అని అడిగేవారు. ఈయన మాత్రం దూరంగా నిలబడి తన టీము ఆడపిల్లలకి మజ్జిగ పోయించేవారు. ఒకసారి ఉండబట్టలేక, "మీరు స్కోరు చూడరాండీ?" అని అడిగాను. "ఆట చూశాను కదండీ రావుగారూ, మళ్ళీ కాగితం దేనికండీ?" అన్నారు. ఎగతాళిగా అనలేదు, మామూలుగానే అన్నారు. అయినా నాకు ఒళ్ళు మండింది.

ఉయ్యూరు దగ్గర ఒక పల్లెలో పుట్టారాయన. తండ్రి చెరుకు తోటల్లో కూలి. చెల్లెలు తెరేసమ్మని కన్న వారానికే తల్లి పోయింది. అప్పటికి ఈయనకి ఎనిమిదేళ్ళు. పదహారేళ్ళప్పుడు తండ్రి కూడా పోతే, చెల్లెల్ని ఉయ్యూరులో సిస్టర్ల బోర్డింగులో చేర్పించి, తాను విజయవాడలో ఫాదర్ల బోర్డింగులో ఉంటూ చదువుకున్నారు. అక్కడ ఒక విదేశీ ఫాదరు రెండు తాటి స్తంభాలు పాతించి, వాటికి ఇనప రింగులు కొట్టించి పిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పేవాడట. కాళ్ళకి చెప్పుల్లేకుండా, మట్టి కోర్టు మీద, వేసవిలో కూడా ఆడేవారట. ఆ ఆటే ఆయనకి ఉద్యోగం తెచ్చిపెట్టింది. ఆ జీతంతోనే చెల్లెల్ని చదివించి పెళ్ళి చేశారు. ఆమె మొగుడు లారీ డ్రైవరు. కూతురికి ఆరేళ్ళు రాకుండానే అతను చనిపోతే, తెరేసమ్మ తాను చదువుకున్న బోర్డింగులోనే వంటమనిషిగా చేరింది. ఆ కూతురు అమలమ్మ కూడా అక్కడే చదివింది.

జీవరత్నంగారు పని చేసింది ఒక పెద్ద ఆఫీసులో. దాని పేరు రాయను. ఇది చదివి ఎవరైనా పాత ఫైళ్ళు తిరగేస్తే నాకు లేనిపోని తలనొప్పి. అరవయ్యెనిమిదిలో ఆ ఆఫీసు వాళ్ళు ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ టీము పెట్టి, ఈయన్నే కోచ్‌ని చేశారు. ఏడాదికి ఒకే ఒక్క కొత్త ప్లేయర్ని తీసుకునేవారు. టీములో చోటు దొరికితే గుమస్తా ఉద్యోగం దొరికినట్టే. అందుకని జూన్‌లో సెలక్షన్లు జరుగుతుంటే కృష్ణా జిల్లాలో ఆట తెలిసిన కుటుంబాలన్నీ దేవుళ్ళకి మొక్కుకునేవి. కమిటీలో ముగ్గురు ఉండేవారుగానీ, సంజీవరావుగారనే ఆఫీసరు, ఒక సిస్టరుగారు, ఇద్దరూ జీవరత్నంగారు ఎవర్ని చూపిస్తే వాళ్ళకే సంతకం పెట్టేవారు.

అక్కణ్ణించి మా పని మొదలయ్యేది. గాంధీనగర్‌లో ఒక కాఫీ హోటలుండేది. రిఫరీలు, పాత ఆటగాళ్ళు, డ్రిల్లు మాస్టర్లు, నేను, అందరం అక్కడ చేరి, ఆయన తీసుకున్న పిల్ల ఎందుకు పనికిరాదో, వదిలేసిన పిల్ల ఎంత వజ్రమో నెలరోజులు వాదించుకునేవాళ్ళం. మంత్రివర్గం మారినప్పుడు కూడా అంత చర్చ జరిగేది కాదు. నేను నా కాగితాలు సంచిలో పెట్టుకుని మరీ వెళ్ళేవాణ్ణి. సెలక్షన్లో ఈ అమ్మాయి పద్నాలుగు, ఆయన తీసుకున్న అమ్మాయి ఆరు, ఇదేం న్యాయం అని బల్ల గుద్దేవాణ్ణి. మరుసటి డిసెంబరుకల్లా ఆ ఆరు పాయింట్ల అమ్మాయే టీముకి మూలస్తంభమై కూర్చునేది. మేం ఆ సంగతి ఎత్తకుండా తర్వాతి సెలక్షన్ల గురించి మాట్లాడుకునేవాళ్ళం.

ఛాయాదేవి సంగతే చూడండి. పెనమలూరు రైతుల పిల్ల. బంతి చేతిలోకి వస్తే ఏం చెయ్యాలో సరిగ్గా తెలిసేది కాదు. ఆమెని తీసుకున్నారని తెలిసి రిఫరీ జాన్‌బాబు నేరుగా వెళ్ళి అడిగేశాడు. "ఆదివారం పటమట సంతలో చూశానండీ ఆ పిల్లని" అన్నారట జీవరత్నంగారు. "గంపలోంచి కోడి తప్పించుకుంది. సంతంతా దాని వెనక పరిగెత్తారు. ఈ పిల్ల పరిగెత్తలేదు. కోడి ఎటు పోద్దో అటు పోయి నిలబడింది. సెలక్షన్లకి రమ్మని నేనే చెప్పానండీ." కోడిని పట్టిన పిల్లకి ఉద్యోగమా అని పగలబడి నవ్వాం. రెండేళ్ళు తిరక్కుండా ఛాయాదేవి ఆ టీముకి కెప్టెనయింది. ఆమె కాపలా కాస్తుంటే అవతలి టీములో ఎంత మొనగత్తెకైనా రింగు దగ్గరికి దారి దొరికేది కాదు. అప్పటినుంచి, పైకి ఎన్ని అన్నా, ఆయన కళ్ళంటే నాకు లోలోపల భయంతో కూడిన గౌరవం ఉండేది. నేను రాసేది బంతి రింగులో పడ్డాక. ఆయనకి అంతకు ముందే కనిపించేది.

డెబ్భైమూడులో సెలక్షన్లు జులైకి వెనక్కి జరిగాయి. జై ఆంధ్ర ఉద్యమంలో స్కూళ్ళు, కాలేజీలు నెలల తరబడి మూతబడి, ఆ ఏడు ఒక్క టోర్నమెంటు కూడా జరగలేదు. దాంతో ఎవరి ఆటా ఎవరూ చూడలేదు. ఆ ఒక్క పూట ఆడిందే లెక్క. పద్నాలుగు మంది పిల్లలు వచ్చారు. అందులో ఉయ్యూరు నుంచి అమలమ్మ ఉంది.

పొడుగ్గా, సన్నగా, జడ పైకి మడిచి కట్టుకుని కోర్టులోకి దిగింది. జీవరత్నంగారు ఆ పిల్లకి చిన్నప్పుడు బంతి కొనిచ్చారుగానీ, పెద్దయ్యాక ఆడగా చూసే అవకాశం రాలేదు. మేనమామే కోచ్ కాబట్టి ఉద్యోగం ఖాయమని ఉయ్యూరంతా చెప్పుకున్నారట. తెరేసమ్మ బోర్డింగులో పిల్లలకి ముందే బెల్లం పొంగలి వండిపెట్టి మరీ బస్సెక్కింది. అది ఆమె తప్పు కాదు. మేనమామ అన్నవాడు మేనకోడలికి పుట్టినప్పట్నుంచీ ప్రతి శుభకార్యానికీ ముందు నిలబడాల్సిన మనిషి. కులమేదైనా మతమేదైనా మా వైపు అందరి ఇళ్ళల్లోనూ అంతే.

నా బల్ల ఆ రోజు కమిటీ కుర్చీల పక్కనే వేశారు. ఆట మొదలైంది. అమలమ్మ చేతికి మొదటిసారి బంతి రాగానే జీవరత్నంగారు వంగి బూటు తాడు కట్టుకున్నారు. బంతి రింగులో పడింది, నేను రాశాను. రెండోసారి బంతి రాగానే మళ్ళీ వంగారు. మూడోసారి చేతిలో ఉన్న పేర్ల జాబితా తిరగేశారు. నాలుగోసారికి నాకు అర్థమైంది. ఈ మనిషి కావాలనే చూడటం లేదు! చూస్తే ఎక్కడ మనసు అటు ఒరుగుతుందోనని తల దించేస్తున్నారు. ఆ పూటంతా అలాగే చేశారు.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. అది చూసి నేను పొంగిపోయాను. ఆహా, నిష్పక్షపాతమంటే ఇదీ అనుకున్నాను. నా తెలివి అంతవరకే పనిచేసింది.

అమలమ్మకి పద్దెనిమిది పాయింట్లు. అందరికన్నా ఎక్కువ. జీవరత్నంగారు చూపించింది శౌరమ్మని. కొండపల్లి స్టేషన్ దగ్గరుండే రైల్వే గ్యాంగుమన్ కూతురు. గట్టిగా ఐదడుగులు ఉంటుందేమో. వేసింది నాలుగే పాయింట్లు. సంజీవరావుగారు కూడా ఒకసారి ఆగి, "ఆలోచించే చెబుతున్నారా జీవరత్నంగారూ?" అని అడిగారు. "ఆ పిల్ల బంతి ఇస్తే అందుకునేవాళ్ళు చెయ్యి చాపక్కర్లేదండీ, చేతిలోకే వస్తుంది" అన్నారీయన. సంతకాలయిపోయాయి.

గేటు దగ్గర తెరేసమ్మ అన్నగారికి అడ్డంగా నిలబడింది. నేను సైకిలు తాళం తీసుకుంటున్నాను, అన్నీ వినబడ్డాయి.

"ఏం తక్కువైంది అన్నయ్యా నా పిల్లకి?"

ఆయన చేతిలోని పేర్ల జాబితా మడిచి జేబులో పెట్టుకున్నారు.

"దానికి నువ్వు కాక ఇంకెవరున్నారు? పరాయివాడు కాదన్నా నువ్వు ఔననాలి. నువ్వే కాదన్నావే!"

"సెలక్షన్ దగ్గర మేనకోడలూ పరాయిపిల్లా ఉండరే తెరేసా" అన్నారు నేలకేసి చూస్తూ.

"ఉండరా? అయితే నాకు అన్నా లేడు. ఇక నా గడప తొక్కబాక."

కూతురి చెయ్యి పట్టుకుని బస్టాండు వైపు వెళ్ళిపోయింది. అమలమ్మ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఈయన అక్కడే నిలబడిపోయారు. మొండిమనిషి, పిలిస్తే ఆగేవాళ్ళే, పిలవలేదు.

ఆ ఏడు కాఫీ హోటల్లో జరిగిన వాదన అంతా ఇంతా కాదు. "మేనకోడల్ని తీసుకుంటే నలుగురూ నాలుగు మాటలంటారని జంకాడయ్యా" అనేవాడు జాన్‌బాబు. "పేరు కోసం పిల్ల గొంతు కోశాడు" అన్నాడొక డ్రిల్లు మాస్టరు. నేను పద్దెనిమిదికీ నాలుక్కీ ఉన్న తేడా చెప్పి బల్ల గుద్దానుగానీ, బూటు తాడు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే వీళ్ళు దాన్ని కూడా తిట్టుగా మారుస్తారని నా బాధ. ఇంత గొప్ప న్యాయం వీళ్ళకేం తెలుస్తుందిలే అనుకున్నాను.

శౌరమ్మ మంచి ప్లేయరే. అది నేను ఒప్పుకోవాలి. ఆమె వచ్చాక టీము ఆట మారిపోయింది. బంతి ఎవరి చేతిలోనూ ఆగేది కాదు. రోజూ కొండపల్లి నుంచి పాసింజరు బండిలో వచ్చి, ఆఫీసు చేసి, ప్రాక్టీసు చేసి, మళ్ళీ బండెక్కి పోయేది. తన మూలంగా ఒక కుటుంబం విడిపోయిందని ఆమెకి తెలుసు. ఆ పిల్ల మనసులో ఏముండేదో ఎవరమూ అడగలేదు. సెమీఫైనల్స్ దాకా వెళ్ళేవాళ్ళు, మూడు పాయింట్లకో నాలుగు పాయింట్లకో ఓడిపోయేవాళ్ళు. ఓడిన ప్రతిసారీ జనంలోంచి ఎవరో ఒకరు, "అమలమ్మ ఉండి ఉంటేనా..." అనేవారు, శౌరమ్మకి వినబడేటట్టే.

అమలమ్మ ఒక ఏడాది ఉయ్యూరులో ఖాళీగా ఉంది. తల్లి పక్కన కూరలు తరిగింది. డెబ్భైనాలుగులో సికింద్రాబాదులో ఇంకో ఆఫీసు టీము వాళ్ళు ఆమెని తీసుకున్నారు. ఆమె రైలెక్కే రోజున నేను కాగితాల పార్సిల్ విడిపించుకోవడానికి స్టేషనుకి వెళ్ళాను. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద తెరేసమ్మ కూతురికి జాగ్రత్తలు చెబుతోంది. ఎదుటి ప్లాట్‌ఫారం మీద, అరటిపళ్ళ బండి వెనక, జీవరత్నంగారు నిలబడి ఉన్నారు. పలకరిద్దామని రెండడుగులు వేసి ఆగిపోయాను. రైలు కదిలి, ఆఖరి పెట్టె కూడా వెళ్ళిపోయాక కూడా ఆయన అక్కడే ఉన్నారు. క్రిస్మస్‌కి చెల్లెలికి చీర పంపితే తిరుగు టపాలో వచ్చేసిందని తర్వాత తెలిసింది. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకి కొండ మెట్ల మీద ఎదురుపడితే ఆమె ముసుగు సవరించుకుని పక్కనుంచి దిగిపోయిందట. పెళ్ళి కూడా చేసుకోకుండా ఆ చెల్లెల్ని పెంచిన మనిషి.

డెబ్భైఅయిదు డిసెంబరులో రాష్ట్ర టోర్నమెంటు మా ఊళ్ళోనే జరిగింది. ఫైనల్లో ఇటు జీవరత్నంగారి టీము, అటు అమలమ్మ ఆడే సికింద్రాబాదు టీము. ఊరు ఊరంతా గ్రౌండుకి దిగింది. రెండున్నరేళ్ళుగా నలుగుతున్న తగువు తీరబోతోందని కాఫీ హోటలు కూడా మూసేసి వచ్చారు. తెరేసమ్మ ఉయ్యూరు నుంచి వచ్చి, గ్యాలరీలో అన్నిటికన్నా కింది మెట్టు మీద కూర్చుంది.

అవతలి టీములో ఎవరెలా ఆడుతున్నారో చూడకపోతే కోచ్ ఎలా అవుతాడు? అమలమ్మని ఆపాలంటే అమలమ్మని చూడాలి. ఆ సాయంత్రం జీవరత్నంగారు చూశారు. నేను నా బల్ల దగ్గరనుంచి ఆయన్నే గమనించాను. మొదటి అయిదు నిమిషాలు అరుస్తూ, ఛాయాదేవికి ఎక్కడ నిలబడాలో చెబుతూ ఉన్నారు. తర్వాత అరుపు తగ్గింది. హాఫ్ టైము ముందు అమలమ్మ ఇద్దరి మధ్యలోంచి దూరి, బంతిని ఎడం చేతిలోకి మార్చి వేసిన బాస్కెట్టుకి ఆయన నోరు తెరుచుకుని ఉండిపోయారు. ఓడిపోతున్న టీము కోచ్ ముఖం అలా వెలగకూడదు. నేను జన్మలో అలాంటి ముఖం చూడలేదు. గుళ్ళో హారతి వేళ కొందరి ముఖాలు అలా ఉంటాయి.

సికింద్రాబాదు నలభైఆరు, మావాళ్ళు నలభైమూడు. విజిలు పడింది. కప్పు ఇవ్వడానికి ఇంకా టైముంది. అమలమ్మ చెమటలు కక్కుతూ వచ్చి తల్లి పక్కన కూర్చుంది. జాన్‌బాబు, డ్రిల్లు మాస్టర్లు, అందరూ వాళ్ళ చుట్టూ మూగారు. నేనూ స్కోరు కాగితం పట్టుకుని అక్కడికే వెళ్ళాను. శౌరమ్మ, ఛాయాదేవి అమలమ్మతో చెయ్యి కలపడానికి వచ్చారు. అప్పుడు గుంపుని తోసుకుంటూ జీవరత్నంగారు వచ్చి తెరేసమ్మ ముందు నిలబడ్డారు. ఆమె తల తిప్పుకుంది.

"తెరేసా, ఆ రోజు నేను దీని ఆట చూడలేదే" అన్నారు.

గొంతు తగ్గించలేదు. అందరికీ వినబడింది.

"చూస్తే నా కళ్ళు నాకే అబద్ధం చెబుతాయేమోనని భయపడ్డా. దీని చేతికి బంతి వచ్చినప్పుడల్లా తల దించుకున్నా. చూడకుండానే కాదన్నా. అదే న్యాయమనుకున్నా. న్యాయం కాదే, పిరికితనం. పద్నాలుగు మంది పిల్లలొస్తే పదమూడు మందినే చూశా. మేనకోడలైన పాపానికి ఇది ఒక్కతే అన్యాయమైపోయింది."

"చూశారా, నేనప్పుడే చెప్పాను! సెలక్షను తప్పేనన్నమాట" అన్నాడు జాన్‌బాబు గెలిచినట్టు.

నా చూపు శౌరమ్మ మీద పడింది. ఆ పిల్ల ముఖం తెల్లబోయింది. రెండున్నరేళ్ళుగా ఏ మాట వినకూడదని భయపడుతూ బతికిందో అది అందరి ముందూ వినాల్సి వచ్చింది. జీవరత్నంగారు వెంటనే ఆమె వైపు తిరిగారు.

"అమ్మా శౌరీ, నిన్ను చూసే తీసుకున్నా. నీ ఆట చూసి, నచ్చి, తీసుకున్నా. ఇవాళ్టికీ నాకు నచ్చుద్ది. దీన్ని చూడకుండా వదిలేశా. అదీ ఇదీ ఒకటి కాదమ్మా. ఇద్దర్నీ చూసి ఉంటే ఎవర్ని తీసుకునేవాణ్ణో నాకు తెలీదు. ఇక తెలుసుకునే దారి కూడా లేదు. ఆ తప్పు నాది, నీది కాదు. ఇంకెవరన్నా నిన్నో మాటంటే నా దగ్గరికి రమ్మను."

శౌరమ్మ ఏడ్చేసింది. ఛాయాదేవి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది. యాభై ఏళ్ళ మనిషి, ఊరంతా కళ్ళకద్దుకునే కోచ్, తన తప్పుని ఎవరూ అడక్కుండా, ఇంతమంది ముందు, ఒక్క అక్షరం కూడా తగ్గించకుండా చెప్పుకున్నాడు. ఆ రోజు ఆ తల దించుకోవడాన్ని చూసి గొప్ప అనుకున్నవాణ్ణి నేనే కదా. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గులోనే, ఎదుట ఉన్న మనిషి ఎంత పెద్దవాడో కూడా తెలిసొచ్చింది.

అమలమ్మ లేచి నిలబడింది. మేనమామ కన్నా అంగుళం పొడుగే ఉంది.

"మరి ఇవాళ చూశావా మామయ్యా?" అంది.

"చూశా అమ్మలూ."

"అంతా?"

"అంతా."

అక్కడ నిలబడే ఆయన చెప్పడం మొదలెట్టారు. మొదటి బాస్కెట్టు కుడి మూలనుంచి, శౌరమ్మ కాలు జారినప్పుడు. రెండోది ఫ్రీ త్రో గీత మీంచి, పైకి ఎగరకుండా, మణికట్టు విదిలించి. మూడోది ఛాయాదేవిని అటు చూసేలా చేసి, ఇటునుంచి. నేను కాగితం తెరిచి వేలు పెట్టుకుంటూ వస్తున్నాను. ఒక్కొక్కటే నా రాతతో సరిపోతోంది. ఏ నిమిషంలో పడిందో, అప్పటికి స్కోరెంతో కూడా చెబుతున్నారు. నాలుగు, అయిదు, ఎడం చేతిది, మూడు ఫ్రీ త్రోలు, అన్నీ వరసగా. "ఏడోది హాఫ్ టైము తర్వాత. బోర్డుకి కొట్టుకుని తిరిగొచ్చిన బంతిని కింద పడనీకుండా రెండు వేళ్ళతో తోసింది" అన్నారు.

నా వేలు ఆగిపోయింది. ఆ రెండు పాయింట్లు నేను ఇంకో అమ్మాయి నంబరుకి రాశాను.

"అది తొమ్మిదో నంబరు పిల్ల వేసిందండీ" అన్నాను.

"ఆ పిల్ల పైకి ఎగిరిందంతే రావుగారూ. వేలు తగిలింది దీనిదే."

"అవునండీ, అమలమ్మే" అంది ఛాయాదేవి. "నా తల మీంచే తోసింది."

అమలమ్మ సిగ్గుపడుతూ అవునన్నట్టు తలూపింది. అన్నేళ్ళలో నా కాగితం తప్పని ఎవరూ అనలేదు. రిఫరీ సంతకం పడ్డాక కాగితం దిద్దకూడదు. జాన్‌బాబు నా ఎదురుగానే ఉన్నాడు, సంతకం అతనిదే. అయినా జేబులోంచి పెన్ను తీసి దిద్దాను. పందొమ్మిది కాస్తా ఇరవయ్యొకటి అయింది. జాన్‌బాబు చూసి కూడా అడ్డం రాలేదు.

తొమ్మిదో బాస్కెట్టు కూడా చెప్పి జీవరత్నంగారు ఆగారు. చెప్పడానికి ఇంకేం లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డారు. అందరి చూపూ తెరేసమ్మ మీదికి పోయింది. ఆమె అన్నగారి ముఖంలోకి చూస్తోంది, రెండున్నరేళ్ళ తర్వాత. ఇక తిడుతుందనుకున్నాను. తిట్టినా ఆమె తప్పేం లేదనుకున్నాను.

ఆమెకి ఆట తెలియదు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టింది. బోర్డింగు వంటింట్లో బతికిన మనిషికి బాస్కెట్‌బాల్ ఏం తెలుస్తుంది? కూతురి కోసం తోడబుట్టినవాణ్ణి వదులుకుంది. పేపర్లో పేరు పడితే చింపి బీరువాలో దాచుకుంది. కానీ ఆ పిల్ల నిజంగా ఎలా ఆడుతుందో, తెలిసిన మనిషి నోటివెంట ఆమె ఇంతవరకూ వినలేదు. ఆమె నమ్మే కళ్ళు లోకంలో ఒక్కరివే, ఆ కళ్ళేమో ఆ రోజు నేలకేసి ఉండిపోయాయి.

"అంత బాగా ఆడుద్దా అన్నయ్యా, మన పిల్ల?" అని అడిగింది.

జీవరత్నంగారు ఔనన్నట్టు తల ఊపారు, ఊపుతూనే ఉన్నారు. ఆమె పక్కకి జరిగి మెట్టు మీద ఆయనకి చోటిచ్చింది.